ఇంజను దించిన రోజున ఇల్లాలెక్కడ?

బండి దారిలో ఆగిపోయిందన్న కబురు వచ్చిన రోజున ముందు తెరుచుకునేది మన బీరువా. ఆ తర్వాతే ఇంజను. లారీ, ట్రాక్టరు, పికప్పు - ఏది నడుపుకుని బతికే ఇల్లయినా ఇదే వరస. మెళ్లో గొలుసు బ్యాంకుకు వెళ్తుంది. డ్వాక్రాలో లోను ఎత్తుతాం. ఇంకో ఆర్నెల్లకు పాడుకుందామనుకున్న చిట్టీ నష్టానికి పాడేస్తాం. ఆ డబ్బు షెడ్డుకు వెళ్తుంది. మనం మాత్రం వెళ్లం. ఏం పోయింది, ఎందుకు పోయింది, దాని బదులు ఏం వేశారు అనడిగితే "నీకు చెప్పినా అర్థం కాదులే" అన్న ఒక్క మాటతో సరి. ఈ పద్ధతి బాగాలేదని చెప్పడానికే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మా అత్తగారిది గరికపాడు. మొన్నమొన్నటి దాకా కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. హైదరాబాదు నుంచి బెజవాడ వచ్చేవాళ్లకి ఆంధ్రాలో మొదట తగిలేది మా చెక్‌పోస్టే. 2020 మార్చిలో లాక్‌డౌనప్పుడు జనాన్ని ఆపేసిన చోటు అంటే టీవీ చూసినవాళ్లకి వెంటనే గుర్తొస్తుంది. హైవే పక్క ఊరు కాబట్టి సేద్యం తర్వాత మా వాళ్లకి తెలిసిన బతుకుతెరువు చక్రాలే. జగ్గయ్యపేట, నందిగామ చుట్టూ ఏ ఊరు చూసినా మిర్చి, పత్తి, కూరగాయలు, సిమెంటు మోసే చిన్న బళ్లు వీధికి రెండుంటాయి. వాటిలో కొత్తవి తక్కువ, చేతులు మారినవి ఎక్కువ.

మా మరిదిది కూడా అలాంటి బండే. నాలుగు సిలిండర్ల డీజిల్ పికప్పు. ఆయన చేతికొచ్చేసరికే పదేళ్లు దాటింది. అయినా ఆ బండి మీదే ఇద్దరు పిల్లల ఫీజులూ, మా అత్తగారి మందులూ నడుస్తున్నాయి. రెండేళ్ల కిందట ఏప్రిల్ నెలాఖరులో మిర్చి టిక్కీలు వేసుకుని గుంటూరు యార్డుకు బయల్దేరాడు. కీసర టోల్‌గేటు దాటాక టెంపరేచర్ ముల్లు ఎర్రగీత మీదికి వెళ్లింది. ఆపుదామా అనుకుంటుండగానే ముల్లు దానంతటదే కిందికి దిగింది. చల్లబడిందనుకుని సంతోషంగా ఇంకో పది కిలోమీటర్లు నడిపాడు. ఆ తర్వాత బండి బరువుగా మూలిగి ఆగిపోయింది. మళ్లీ సెల్ఫ్ తీసుకోలేదు.

ఆ ముల్లు ఎందుకు దిగిందో తెలుసా? ఇంజను చల్లబడి కాదు. రబ్బరు హోసు పగిలి నీళ్లన్నీ కారిపోయాయి. వేడిని కొలిచే సెన్సారు నీళ్లలో మునిగి ఉంటేనే సరిగ్గా చెబుతుంది. నీళ్లే లేకపోతే అది కొలవడానికేముంటుంది? జ్వరంతో ఉన్న పిల్లాడి చంకలోంచి థర్మామీటరు జారిపోతే జ్వరం తగ్గిందనుకోవడం లాంటిదే. ఈ చిన్న సంగతి నాకు తెలిసింది షెడ్డులో. పదిహేనేళ్లుగా బండి నడుపుతున్న మా మరిదికీ ఆ రోజే తెలిసింది. కాబట్టి అర్థం కాకపోవడం ఆడవాళ్ల సొత్తేమీ కాదు.

నిజానికి ఇంజను వేడి వ్యవహారమంతా మన వంటింట్లో ఉన్నదే. రేడియేటరు మూత అచ్చం కుక్కరు మూతే. కుక్కరు వెయిటు లోపలి ఆవిరిని చదరపు సెంటీమీటరుకు సుమారు కిలో ఒత్తిడి దాకా పట్టి ఉంచుతుంది. అందుకే నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరగకుండా 120 దాకా ఆగుతాయి, పప్పు తొందరగా ఉడుకుతుంది. చాలా బళ్ల రేడియేటరు మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది, చూడండి. అదీ ఆ ఒత్తిడి లెక్కే. ఆ మూతలో స్ప్రింగు వదులైతే నీళ్లు ముందే మరిగి పొంగిపోతాయి. వేడి మీద మూత తిప్పితే కుక్కరు పేలినట్టే మొహాన కొడతాయి. హైవే పక్కన ఎంతమంది క్లీనర్ల చేతుల మీద ఆ మచ్చలున్నాయో! అరగంటో ముప్పావుగంటో ఆగాలి. ఆగకుండా కాలుతున్న ఇంజనులో చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్ పగులుతుంది. పొయ్యి మీద నుంచి దించిన గాజు గిన్నెను ఏ ఇల్లాలూ కుళాయి కింద పెట్టదు. ఆ పని రోడ్డు మీద మగవాళ్లు చేస్తారు.

ఇంకొకటి మా ప్రాంతానికే ప్రత్యేకమైన కష్టం. మా వైపు నేల కింద సున్నపురాయి. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది అందుకే. ధనంబోడు మీద రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ స్తూపానికి చెక్కిన పలకలూ సున్నపురాయే. ఆ రాయి గుండా వచ్చిన బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లటి పెచ్చు కట్టడం మనకు రోజూ కనిపించేదే. పప్పు ఒక పట్టాన ఉడకదు, సబ్బు నురగ రాదు. ఆ నీళ్లే తెచ్చి రేడియేటరులో పోస్తారు. దాని సన్నటి గొట్టాల్లోనూ, ఇంజను గోడల వెనకా అదే పెచ్చు కడుతుంది. బయటికి రేడియేటరు నిండుగా కనిపిస్తుంది, లోపల నీళ్లు తిరగవు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఇలాంటి నీళ్లు పోసుకుంటే కార్తెతో పని లేకుండా ఇంజన్లూ పగులుతాయి. తాగడానికి ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కుంటున్నాం కదా, అందులోంచి బండికీ ఇంత పోసి, కంపెనీ చెప్పిన పాళ్లలో కూలెంటు కలిపితే ఈ బెడద చాలావరకు తప్పుతుంది. ఒక్క జాగ్రత్త. కూలెంటు తియ్యగా ఉండే విషం. ఆకుపచ్చ రంగు చూసి పిల్లలు షర్బత్తు అనుకుంటారు. ఇంట్లో తాగే సీసాల్లో పొయ్యనివ్వకండి.

సరే, అసలు సంగతికొస్తాను. మొదటిసారి బండిని ఈడ్చుకెళ్లింది ఒక తెలిసిన షెడ్డుకు. పేరెందుకులెండి. రెండు రోజుల్లో ఇచ్చేశారు. హెడ్ గ్యాస్కెట్ పోయింది, కొత్తది వేశాం, హోసు మార్చాం అన్నారు. మా తోడికోడలు డ్వాక్రా డబ్బులోంచి పద్దెనిమిది వేలు తీసిచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే బండి వెనక తెల్లటి పొగ. ఆయిలు కడ్డీ తీసి చూస్తే నల్లగా ఉండాల్సిన ఆయిలు పాలకాఫీ రంగులో ఉంది. అంటే నీళ్లూ ఆయిలూ కలిసిపోయాయన్న మాట. ఆ పాలకాఫీని ఎన్ని రోజులు నడిపాడో గానీ లోపల బేరింగులు అరిగిపోయాయి.

ఈసారి ఇంజను మొత్తం దించాలన్నారు. డెబ్బై వేల దాకా అవుతుందన్నారు. తోడికోడలు పుట్టింటివాళ్లు పెట్టిన నానుతాడు తీసి చేతిలో పెట్టుకుని మా ఇంటికొచ్చింది. "అక్కా, ఇది ఇవ్వడానికి నాకేం బాధ లేదు. మొన్నటి పద్దెనిమిది వేలూ ఏమయ్యాయో మాత్రం చెప్పమను" అంది. ఎంత న్యాయమైన ప్రశ్న! దానికి జవాబు మా ఇంట్లో ఎవరి దగ్గరా లేదు. నేను కథలు రాసుకునే మనిషిని. చదివింది బి.ఏ. స్పానరు పట్టుకున్న పాపాన పోలేదు. అయినా ఇద్దరం చీర కొంగులు దోపుకుని బయల్దేరాం. బెజవాడలో ఒక లేత్ వర్క్స్‌కి.

బెజవాడ ఆటోనగర్ గురించి మగవాళ్లు గొప్పగా చెబుతుంటే వినడమే గానీ లోపలికి వెళ్లిన ఆడవాళ్లు తక్కువే. 1960ల్లో మొదలైన పేట అది. ఒక వీధంతా రేడియేటర్లు, ఒక వీధంతా స్ప్రింగు పట్టీలు, ఒక వీధంతా బాడీ బిల్డింగు. మా మిర్చీ, మా సిమెంటూ కదిలేది ఆ వీధుల చలవ వల్లే. మేం వెళ్లగానే కుర్చీలు వేశారు, కూల్‌డ్రింకులు తెప్పించారు. ప్రశ్న అడిగితే మాత్రం జవాబు మా మరిది మొహం చూసి చెప్పారు. మూడోసారి అడిగాక పెద్ద మేస్త్రి నవ్వి, "రండమ్మా, చూపిస్తా" అన్నాడు.

చూపించాడు. ఆయనకు ఎప్పటికీ రుణపడి ఉంటాం. హెడ్‌ని బల్ల మీద బోర్లించి దాని మీద ఉక్కు స్కేలు నిలబెట్టాడు. స్కేలు కింద రేకు లాంటి సన్నటి బద్దను తోస్తే అటు నుంచి ఇటు వచ్చేసింది. "ఇంత సందు ఉందమ్మా" అన్నాడు. ఎంత? మన తల వెంట్రుక మందం కన్నా కొంచెం ఎక్కువ. వేడికి హెడ్ వంగిపోయి ఆ సందు వచ్చింది. మొదటిసారి గ్యాస్కెట్ మార్చినవాళ్లు హెడ్‌ని లేత్‌కి పంపి ఫేసింగ్ చేయించలేదు. వంగిన మూతకు కొత్త రబ్బరు వేస్తే కుక్కరు విజిల్ వస్తుందా? అదీ జరిగింది. పద్దెనిమిది వేలు ఏమయ్యాయో ఆ సందులో కనిపించింది. తోడికోడలు వేలు పెట్టి తడిమి చూసి ఏమీ మాట్లాడలేదు.

ఆ తర్వాత హెడ్‌లో గాలి నింపి నీళ్ల తొట్టిలో ముంచారు. సైకిలు ట్యూబు పంక్చరు చూసినట్టే. బుడగలు రాలేదు, పగుళ్లు లేవు, బతికిపోయాం. లైనర్ల లోపల చెయ్యి పెట్టి చూడమన్నాడు. నున్నగా ఉండాల్సిన గోడ మీద నిలువు గీతలు గోరుకు తగులుతున్నాయి. వేడికి ఉబ్బిన పిస్టన్ రాసుకుపోయిన గుర్తులవి. నాలుగు లైనర్లూ, పిస్టన్లూ, రింగులూ కొత్తవే వెయ్యాలి. క్రాంకును మైక్రోమీటరుతో కొలిచి పది థౌ సైజుకు గ్రైండింగ్ చెయ్యాలన్నాడు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. అరిగిన చోట నున్నగా చెక్కి, చెక్కినంత మేర మందం ఎక్కువున్న బేరింగులు వేస్తారు. అలా పది, ఇరవై, ముప్పై దాకా వెళ్లొచ్చు. ఆ తర్వాత క్రాంకు మార్చాల్సిందే. ఈ అంకె రాసి పెట్టుకోవాలి. రేపు బండి అమ్మినా, ఇంకోసారి ఇంజను దించినా దానితో పని. పది థౌ అయిందో ముప్పై థౌ అయిందో చెప్పలేనివాళ్ల దగ్గర పాత బండి కొనకూడదని నా అభిప్రాయం.

మేం అక్కడ ఒకే ఒక్క పట్టు పట్టాం. థర్మోస్టాట్ తీసి పారేస్తామన్నారు. మన ఎండలకు అది అక్కర్లేదని చాలా షెడ్లలో అనే మాటే. ఇంజను వేడెక్కేదాకా నీళ్లను రేడియేటరు వైపు పోనివ్వకుండా ఆపి, ఎనభై డిగ్రీలు దాటాక తెరుచుకునే చిన్న తలుపు అది. చెడిపోయి మూసుకుపోతే ప్రమాదమే, నిజమే. చెడిపోతే కొత్తది వెయ్యాలి గానీ అసలే లేకుండా చేస్తే ఎలా? కొన్ని ఇంజన్లలో అది లేకపోతే కొన్ని నీళ్లు రేడియేటరు దాకా వెళ్లకుండానే అడ్డదారిన వెనక్కి తిరిగొస్తాయి. పైగా ఇంజను ఎప్పుడూ చల్లగా నడిచినా అరుగుదల ఎక్కువే. పెద్ద మేస్త్రి ఒప్పుకుని కొత్తదే వేశాడు. రేడియేటరు విప్పి రాడింగ్ చేయిస్తే లోపల్నుంచి దోసెడు సున్నపు పెచ్చులు రాలాయి. హోసులు, ఫ్యాన్ బెల్టు, వాటర్ పంపు సీలు, రేడియేటరు మూత అన్నీ మార్పించాం. మొత్తం బిల్లులో ఇవన్నీ కలిపినా పెద్ద లెక్క కాదు. కానీ ఇంజను ఉడికింది వీటి వల్లే. రోగం కారణం వదిలేసి ఆపరేషను చేయించుకున్నట్టు, వేలకు వేలు పోసి లైనర్లు వేయించి పాత హోసే బిగించుకెళ్లే వాళ్లు ఎందరో ఉన్నారట.

మెకానిక్కులందరూ మోసగాళ్లని నేననడం లేదు. అలా అనడం తేలిక, నిజం మాత్రం కాదు. "రేపు పొద్దున్నకి బండి కావాలి, తక్కువలో కానివ్వు" అని మొదటిసారి బతిమాలింది మా మరిదే. లేత్‌కి పంపితే ఇంకో రెండు రోజులు, ఇంకో నాలుగు వేలు. లోడు పోతుందని ఆయన భయం, గిరాకీ పోతుందని షెడ్డువాడి భయం. ఆ తొందరకు డబ్బిచ్చిన మనిషి ఆ మాటల్లో లేదు. ఉండి ఉంటే, "నాలుగు వేలే కదా, పంపించండి" అనేదే. నెలసరుకుల్లో ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ తగ్గించకూడదో ఆవిడకు తెలిసినంతగా వాళ్లిద్దరికీ తెలియదు.

ఆడవాళ్లు షెడ్డుకు వెళ్తే మగవాడికి చిన్నతనం అంటారు. మా అత్తగారూ అదే అన్నారు, "గ్రీజు కంపులో మీకేం పని?" అని. కార్ల్ బెంజ్ పేరు మనకు ఖరీదైన కార్ల మీదే తెలుసు. ఆయన వర్క్‌షాపు మునిగిపోకుండా నిలబెట్టింది ఆయన భార్య బెర్తా, పెళ్లికి ముందే ఇప్పించిన తన కట్నం డబ్బుతో. 1888 ఆగస్టులో ఆవిడ మొగుడికి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని ఆ మూడు చక్రాల బండిలో జర్మనీలోని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి వెళ్లింది. నూరు కిలోమీటర్ల పైమాటే. దారిలో పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. బ్రేకులు అరిగితే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. ఇంజను ఉడికిపోకుండా దారి పొడుగునా నీళ్లు పోసుకుంటూ వెళ్లింది. మన నానుతాడు లాంటి డబ్బే అది. తేడా ఏమిటంటే, తన డబ్బు ఏ ఇనుములో ఉందో ఆవిడకు తెలుసు. అంత దూరం ఎందుకు, కొత్తగూడెం దగ్గర సుజాతనగర్‌లో భర్తతో సమానంగా లారీ టైర్లు విప్పి, వెల్డింగ్ చేసే ఆవిడ గురించి పేపర్లలో వచ్చింది కదా. మనందరం స్పానర్లు పట్టక్కర్లేదు. డబ్బు కట్టే చోట నిలబడితే చాలు.

ఇంత డబ్బు పాత బండికెందుకు, అది అమ్మి కొత్తది ఫైనాన్సులో తీసుకోవచ్చుగా అని మా ఆడపడుచు వాదన. తోసెయ్యదగ్గదేమీ కాదు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటేటా ఫిట్‌నెస్ చేయించాలి. ఛాసిస్ తుప్పు పట్టినా, ఇంజను బ్లాకే పగిలినా అందులో డబ్బు పోయడం ఇసుకలో నీళ్లు పోయడమే. మా బండి ఛాసిస్ గట్టిగా ఉంది, బ్లాకు బాగుంది, కాగితాలు సరిగ్గా ఉన్నాయి. అలాంటప్పుడు ఐదేళ్ల కిస్తీ నెత్తికెత్తుకుని, మిర్చి ధర పడిపోయిన ఏడాది కిరాయిలు లేక బండిని ఫైనాన్సువాళ్లకు అప్పజెప్పడం కన్నా ఇదే మేలని నేనంటాను. ఒక్క షరతు. చేయిస్తే పూర్తిగా చేయించాలి, లేదా ఉన్నదున్నట్టు అమ్మెయ్యాలి. సగం పని అన్నిటికన్నా ఖరీదు.

మా గరికపాడులోనే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. డ్వాక్రా సమావేశాలు నెలనెలా జరుగుతాయి. ఎక్కడో ఒకచోట ఒక పూట, ఒక పాత ఇంజను విప్పి బల్ల మీద పెట్టి, ఇది గ్యాస్కెట్, ఇది లైనరు, ఇది పోతే ఇలా ఉంటుంది అని ఆడవాళ్లకు చూపిస్తే ఎంత బాగుంటుంది! దీనికి పెద్ద ఖర్చు కూడా లేదు. ట్రాక్టరు లోనుకు మా సంతకం కావాలి కదా, ఆ ట్రాక్టరు లోపల ఏముందో చూడమనడంలో తప్పేముంది?

పాత సామానంతా గోనెసంచిలో వేసి ఇమ్మని తోడికోడలు అడిగి తెచ్చుకుంది. కాలిన గ్యాస్కెట్, గీతలు పడ్డ పిస్టన్లు, నల్లబడ్డ బేరింగు చిప్పలు. బిల్లులో రాసినవీ సంచిలో ఉన్నవీ ఒకటొకటిగా సరిచూసుకుంది. పక్కింటివాళ్లు వచ్చి వింతగా చూసి వెళ్లారు. వాళ్లలో ఒకావిడ పిస్టన్‌ను చేత్తో పట్టుకుని, "ఇంత చిన్నదా, దీనికా మా ఆయన ముప్పై వేలు తీసుకెళ్లింది!" అంది.

మొదటి పదిహేను వందల కిలోమీటర్లు సగం లోడుకు మించి వెయ్యొద్దని, ఆ తర్వాత ఆయిలు మార్చాలని మేస్త్రి చెప్పాడు. కొత్త రింగులు లైనరుకు సర్దుకోవాలట. మా మరిది మూడో రోజే ఫుల్ లోడు కిరాయి ఒప్పుకుని వచ్చాడు. తోడికోడలు బండి తాళం ఇవ్వలేదు. గొడవైంది. రెండు పూటలు మాటల్లేవు. చివరికి ఆ కిరాయి ఇంకో బండికి వెళ్లింది. అప్పట్నించీ క్యాలెండరులో పాల లెక్క పక్కనే మీటరు అంకె వేస్తోంది. రోజూ రాత్రి ఆయనే వచ్చి, "ఇవాళ ఎనభై ఆరు, రాసుకో" అని చెప్పి కాళ్లు కడుక్కోవడానికి వెళ్తాడు.